గవ్వలతోని మనసు చదివే క్లాస్

మాది నల్లగొండ. వారమంతా ఫోటోస్టాట్ దుకాణం, ఆదివారం మాపటీలి మిద్దె మీద నలుగురం కూసొని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రయి కథను నడుపుకుంట ఆడే టేబుల్‌టాప్ ఆట. కథ చెప్పి ఆడించేది, అంటే గేమ్ మాస్టర్, నేను. పోయిన ఎండకాలం మా బావ "నాకు మనసు చదివేటోడు కావాలె" అన్నడు. క్లాస్ అంటే పాత్ర ఏ రకమో, దానికి ఏ శక్తులుంటయో చెప్పేది; మాంత్రికుని క్లాస్ తీసి, మంత్రాల పేర్లు మార్చి ఇచ్చిన. ఊరి చెరువు తూము రాత్రిపూట ఎవరు ఎత్తుతున్నరో పట్టుకోవాలె, అదీ కథ. మూడు వారాలు రాసుకున్న. బావ సీదా చెరువు నీళ్లు ఇడిసే నీరటి కాడికి పోయి "వీని మనసు చదువుత" అన్నడు. ఇరవై నిమిషాలల్ల కథ ఒడిసింది. చాయ్ గూడ రాలే ఇంక.

అందుకే మీరు గూడ ఇసుంటి క్లాస్ తయారు చేస్తుంటే, మీ కాయితం మీద మొదటి లైను ఇది రాసుకోండ్రి: ఈ క్లాస్‌కు ఏం తెల్వదు?

నా జవాబు మా నాయినమ్మ అరుగు మీద దొరికింది. చిన్నప్పుడు మా ఊరికి సోది చెప్పే ఎరుకలామె వచ్చేది. నాయినమ్మ చేటల బియ్యం పోసి పెడితే, ఆమె నాయినమ్మ చెయ్యి పట్టుకొని, కర్ర ఆనిచ్చి రాగం తీసేది. "పడమటి దిక్కు తడి వాసన వస్తున్నది తల్లీ, నీ కొంగు ఎవరో గుంజుతున్నరు" అనేది. ఎవరో అనేది ఆమె నోట రాకపోయేది. "గది మా చిన్నబిడ్డనే" అని కండ్లు తుడుసుకునేది నాయినమ్మ.

మా క్లాస్‌కు గదే రూల్. మనసు చదివితే గేమ్ మాస్టర్ పేరు చెప్పడు, కారణం చెప్పడు. ఒక వాసన, ఒక సప్పుడు, చేతికి తాకిన ఒక వస్తువు, గంతే. నీరటి మనసుల బావకు ఇప్పుడు దొరికేది "తుప్పు వాసన, తడిసిన బీడీ కట్ట". ఆ బీడీలు ఎవరు తాగుతరో ఊరంత తిరిగి అడుక్కోవాలె.

ఇగ శక్తి ఖర్చు. ఈ పంచాయితీ పాతది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇసుంటి ఆట 1974ల వస్తే, 1976కే మనోశక్తుల రూల్స్ దానికి జోడించిండ్రు. మూడో ఎడిషన్ల పాయింట్ల లెక్క పెట్టిండ్రు: మొదటి స్థాయి శక్తికి 1, రెండోదానికి 3, మూడోదానికి 5, ఇట్ల రెండేసి పెరుగుతది. లెక్క సాఫ్‌గనే ఉంటది. కాని మా బావ అసుంటోడు పాయింట్లన్ని ఒక్క కొట్లాటల కుమ్మరించి, మిగతా రోజంత చద్దరు కప్పుకొని పంటడు.

నేను పాయింట్లు తీసేసి అష్టాచెమ్మ గవ్వలు పెట్టిన. పొద్దుగాల చేతిల నాలుగు గవ్వలు. చదివినప్పుడల్ల ఉన్నయన్ని వేయాలె. ఎన్ని నోరు పైకి పడితే అన్ని ఆనవాళ్లు. వేసినంక ఒక గవ్వ పక్కకు పోతది, నిద్రపోయి లేస్తేనే తిరిగొస్తది. ఒక్కటి గూడ నోరు తెరవకపోతే, అంటే నాలుగింటితోని అష్ట పడ్డట్టు, అవతలోడే మనలకు తొంగి చూస్తడు: గేమ్ మాస్టర్ ఒక ప్రశ్న అడుగుతడు, నిజమే చెప్పాలె.

సగంసగం పడతయనుకుంటే ఆ గండం నాలుగు గవ్వలతోని 16ల 1, మూడింటితోని 8ల 1, రెండింటితోని 4ల 1, ఒక్కటే మిగిలితే 2ల 1. వేసినకొద్ది దొరికేది తక్కువ, భయం ఎక్కువ. అసలు గవ్వలు సరిగ్గ సగంసగం పడవు, ముందే ఓ యాభై సార్లు వేసి చూసుకోండ్రి. మరీ ఒక దిక్కే పడుతుంటే రూపాయి బిళ్లలు వాడుండ్రి.

ఇంకో తిరకాసున్నది. మాంత్రికుడు మంత్రం చదవాలె, చెయ్యి తిప్పాలె, పది మందికి కనబడుతది. మనసు చదివేటోడు చేతులు కట్టేసినా చదువుతడు, పక్కనోనికి తెల్వదు. కనబడే గుర్తు ఒకటి పెట్టకపోతే మిగతా ఆటగాళ్లు ఈగలు తోలుకుంట కూసుంటరు. ముక్కుల నెత్తురు అందరు పెట్టేదే, నాకు నచ్చలే. మా ఇండ్లల్ల దిష్టి తీసేటామెకు ఆవులింతలు వస్తయి. అదే పెట్టిన: చదివితే ఆవులింత ఆగదు. ఒకసారి మా చెల్లె నిద్రొచ్చి నిజంగనే ఆవులిచ్చింది. "ఎవర్ని చదివినవే?" అని అందరు మీద పడ్డరు.

కొట్లాటలకు ఎక్కువ రాయలే. శత్రువు ముందు ఎవరి మీదికి వస్తడో ఒక గవ్వ ఇచ్చి తెలుసుకోవచ్చు, సాలు. ఒకటో స్థాయిల మనిషిని ముట్టుకుంటేనే చదువుడు, మూడో స్థాయికి వాళ్లు పట్టుకున్న వస్తువుని, ఐదుకు తన ఆనవాలునే ఇంకొకరి మనసులకు పంపుడు. ఐదో గవ్వ మాత్రం ఎన్నటికి ఇయ్యకుండ్రి, మా బావ ఎంత బతిమాలినా నేనియ్యలే.

పేరు గురించి ఒక మాట. శివసత్తి అని పెడుదామని చెల్లె అన్నది. మా బజార్ల జాతరకు పూనకం వచ్చే అమ్మలున్నరు, వాళ్లకది ఆట గాదు. "పసిగట్టేటోడు" అని పెట్టుకున్నం.

పోయిన వారం కథను పానగల్లు ఛాయా సోమేశ్వరుని గుడిల పెట్టిన. లింగం మీద పొద్దంత కదలని నీడ పడుతది. బావ చేతిల ఒక్కటే గవ్వ. "నీడను చదువుత" అన్నడు. వేసిండు. గవ్వ బోర్ల పడ్డది.

"నీడ అడుగుతున్నది బావా," అన్న, "మొన్న రాత్రి తూము ఎత్తినోన్ని చూసి గూడ వీళ్లకెందుకు చెప్పలే?"

చెల్లె చేతుల చాయ్ గిలాస పక్కకు పెట్టి వాని దిక్కు తిరిగింది.