కార్డుంది, ఓటు లేదు: తిరుపతిలో ఓటరు చిక్కులు, కారణాలు, పరిష్కారాలు

2024 మే 13న రాష్ట్రం మొత్తం మీద పోలింగు 81 శాతం దాటింది. తిరుపతి అసెంబ్లీ స్థానంలో మాత్రం 63 శాతం దగ్గర ఆగింది. రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ మనదే. టౌనోళ్లకు బద్ధకం అని చాలామంది తేల్చేశారు. మా కాలనీ సంఘం తరఫున ఏడాదిగా ఇల్లిల్లూ తిరిగిన తర్వాత నేను ఆ మాట ఒప్పుకోలేను. బద్ధకించేవాళ్లు ఉన్నారు, లేరని కాదు. అంతకన్నా ఎక్కువగా కనిపించింది మాత్రం మనిషి ఒకచోట, ఓటు ఇంకోచోట ఉండటం. చదువుకని, కొండమీద పనికని, హోటళ్లలో కొలువుకని వచ్చేవాళ్లు, పోయేవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువ. మనుషులు ఇల్లు మారినంత త్వరగా జాబితాలో పేర్లు మారవు. వెళ్లిపోయినవాళ్ల పేర్లు జాబితాలో అలాగే ఉంటే శాతం కూడా పడిపోతుంది కదా.

పోలింగు రోజు బయటపడే చిక్కుల్లో చాలావాటిని ఎన్నికలు లేని రోజుల్లోనే సరిచేసుకోవచ్చు. మాకు ఎదురైనవి, జనం చెప్పిన మాటల్లోనే కింద ఇస్తున్నాను.

"కార్డు ఉంది, బూత్‌లో పేరు లేదంటున్నారు"

మేము అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నది ఇదే. బైరాగిపట్టెడలో ఒక అవ్వ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బియ్యం డబ్బాలో దాచుకుంది. "పోయినసారి ఏసినాను నాయనా, ఈ యేలికి సిరా గూడా పూసినారు. ఇప్పుడు పేరు యాడికి పోతాది?" అని మమ్మల్నే నిలదీసింది. జాబితా తీసి చూపించాం. ఆమె ఫొటో ఉన్న గడి మీద ఏటవాలుగా తొలగించినట్టు ముద్ర, వరుస సంఖ్య పక్కన ఇంగ్లీషు 'ఎస్' అక్షరం. మకాం మారిందని దానర్థం. 'ఇ' ఉంటే చనిపోయారని, 'ఆర్' ఉంటే పేరు రెండుసార్లు ఉందని. విషయం ఏమిటంటే, అవ్వ కొన్ని నెలలు పాకాలలో కూతురింట్లో ఉంది. తనిఖీకి వచ్చినప్పుడు ఇంటికి తాళం. పక్కింటివాళ్లను అడిగితే "పూడ్సినారు" (వెళ్లిపోయారు) అన్నారు.

కార్డు మనిషిని గుర్తుపట్టడానికే. ఓటు హక్కు జాబితాలో పేరును బట్టి. పేరు ఉంటే కార్డు లేకపోయినా ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుబుక్కు, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటివాటిలో ఏదో ఒకటి చూపించి ఓటెయ్యొచ్చు. పేరు లేకపోతే ఎంత మెరిసే కార్డున్నా పనికిరాదు. ఇంటికి పంచే ఓటరు స్లిప్పు ఒక్కటే తీసుకెళ్లినా కుదరదు. అది బూత్, వరుస సంఖ్య తెలుసుకోవడానికే తప్ప గుర్తింపు కాదు.

సరిచేసుకోవడం ఇలా. ముందు 1950కి ఫోన్ చేయండి, లేదా ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్‌లోనో యాప్‌లోనో వెతకండి. ఇప్పటి కార్డు నంబరులో మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. మీ దగ్గరున్నది పాతకాలపు పొడుగు నంబరైతే దాంతో వెతికి లేదనుకోకండి, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసుతో వెతకండి. నిజంగానే తీసేసి ఉంటే ఫారం 6తో కొత్తగా చేరాలి. అవ్వకు అదే చేయించాం. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో కొత్త పేరు చేర్చడం చట్టప్రకారం కుదరదు. పరిశీలనకు కూడా రోజులు పడతాయి గనుక నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే లాభం తక్కువ. దరఖాస్తును తిరస్కరిస్తే 15 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారిగా ఉండే కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఇంకొక మాట. పేరు జాబితాలోనే ఉండి, ఇంట్లో లేరని, మకాం మారారని, చనిపోయారని విడిగా రాసుకున్న జాబితాలో కూడా ఉండొచ్చు. ఆ కారణంగా వెనక్కి పంపడానికి వీల్లేదు. గుర్తింపును గట్టిగా సరిచూసి, వేలిముద్ర కూడా తీసుకుని ఓటు వేయనిస్తారు.

"ఉండేది తిరుపతిలోనే, తిరుపతి అభ్యర్థులు మా మిషన్లో లేరు"

తిరుచానూరు, అవిలాల, తుమ్మలగుంట వైపు అద్దెకు మారినవాళ్లకు వచ్చే అయోమయం ఇది. ఆటో ఎక్కితే పది నిమిషాల దూరం, అడ్రసులో తిరుపతి అనే రాస్తాం. కానీ తిరుపతి రూరల్ మండలం చంద్రగిరి అసెంబ్లీ కిందికి వస్తుంది. చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ స్థానంలో ఉంది. టౌను మాత్రం తిరుపతి లోక్‌సభ స్థానం. వీధి దాటితే ఎమ్మెల్యేతో పాటు ఎంపీ కూడా మారిపోతారు.

ఇల్లు మారితే ఫారం 8 ఇవ్వాలి. అదే నియోజకవర్గంలో మారినా, వేరేదానికి మారినా అదే ఫారం. కార్డు నంబరు మారదు. చాలామంది తెలియక ఫారం 6 పెడతారు. దాంతో పేరు రెండుచోట్ల పడుతుంది. రెండుచోట్ల ఓటరుగా ఉండటం చట్టవిరుద్ధం, తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు కూడా పడొచ్చు. "ఊళ్లో ఒకటి, ఇక్కడ ఒకటి ఉంటే ఏమైంది సార్?" అని ధీమాగా అడిగినవాళ్లకు మేము ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాం.

"ఫారం ఇచ్చి నెలలైంది, అతీగతీ లేదు"

ఇంటర్నెట్ సెంటర్లో పెట్టించినవాళ్లలో ఈ బాధ ఎక్కువ. ఫారంలో సెంటరువాళ్ల ఫోన్ నంబరు ఉంటుంది. మెసేజీలన్నీ అక్కడికి పోతాయి. బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) పరిశీలనకు ఫోన్ చేస్తే ఎత్తేది వాళ్లు, "మాకు తెలీదండీ" అని పెట్టేస్తారు. మీ నంబరే ఇవ్వండి, దరఖాస్తు రెఫరెన్సు నంబరు రాసి పెట్టుకోండి, దాంతో పోర్టల్‌లో ఎంతవరకు వచ్చిందో చూడొచ్చు. బీఎల్‌ఓ ఎవరో కనుక్కోండి. మీ వీధి అంగన్‌వాడీ టీచరో, సచివాలయంలో పనిచేసే అమ్మాయో కావచ్చు. వాళ్లకు ఉన్న పనికి తోడు ఇదొకటి. కసిరితే పని కాదు, ఇంటి గుర్తులు సరిగ్గా చెబితే అవుతుంది.

మాలాంటి సంఘాలకు ఒక సూచన. ఉత్సాహం కొద్దీ వీధంతా ఫారాలు పోగేసి కట్టగా ఇవ్వకండి. ఒకే కుటుంబంలోవాళ్లవి తప్ప మూకుమ్మడి దరఖాస్తులు తీసుకోరు. మనిషి పక్కన కూర్చుని, వాళ్ల ఫోన్లో వాళ్లచేతే చేయించండి. ఆలస్యమవుతుంది, అయినా అదే నిలుస్తుంది. పార్టీ మాట మాత్రం నోటి చివరికి కూడా రానివ్వకండి.

"హాస్టల్లో ఉంటున్నా, నాకు ఇక్కడ ఓటేంటి?"

ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ పిల్లల్లో చాలామందికి తెలియని సంగతి ఇది. సొంతూళ్లో ఉంచుకోవాలో, హాస్టల్ చిరునామాతో ఇక్కడ చేరాలో వాళ్లే ఎంచుకోవచ్చు. ఇక్కడైతే విద్యాసంస్థ అధిపతి ధ్రువీకరణ కావాలి. పరీక్షలప్పుడు ఊరికి పోలేమని తెలిసినవాళ్లు ఇక్కడ చేరడమే మేలని నా అభిప్రాయం. వయసు లెక్క కూడా 2022 నుంచి మారింది. జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా లెక్కే. ఆగస్టులో పద్దెనిమిది నిండే అమ్మాయి అక్టోబరు జాబితాకే అర్హురాలు. పదిహేడు దాటితే ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

"పేరు తప్పు పడింది", "నాయన మంచం దిగలేడు"

అక్షరం తేడా, ఫొటో తేడా, పెళ్లయ్యాక తండ్రి పేరు బదులు భర్త పేరు, అన్నిటికీ ఫారం 8. చిన్న అక్షర దోషానికి ఓటు ఆపరు, మనిషెవరో తెలిస్తే చాలు.

2024లో 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కల్పించారు. దానికి ఫారం 12డి కావాలి. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఇవ్వాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫారం ముందే తెచ్చిపెట్టుకోండి. ఇంటి ఓటు ఒకసారి ఒప్పుకుంటే మళ్లీ బూత్‌కు వెళ్లి వేయడం కుదరదు.

"నా పేరుతో ఎవరో వేసేశారు"

2021 ఏప్రిల్ 17న లోక్‌సభ ఉప ఎన్నికప్పుడు దొంగ ఓట్ల ఆరోపణలు విన్న ఊరు ఇది. అందుకే ఈ భయం ఇక్కడ ఇంకా పోలేదు. మీ పేరు దగ్గర ఇంకెవరో సంతకం పెట్టేసి ఉంటే తలదించుకుని ఇంటికి రాకండి. బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పి మీరెవరో రుజువు చేసుకుంటే, మిషన్ కాకుండా కాగితపు బ్యాలెట్ ఇస్తారు. దాన్ని విడిగా కవర్లో పెట్టి, మీ పేరు ఫారం 17బిలో రాసి సంతకం తీసుకుంటారు. ఆ ఓటు లెక్కింపు రోజు కలపరు. తేడా కొద్ది ఓట్లే ఉండి గెలుపు మీద కోర్టులో కేసు నడిస్తే, అప్పుడు కోర్టు దాన్ని తెరిపించవచ్చు. గొడవ పడొద్దు, ఏజెంట్లతో వాదించొద్దు. "టెండర్ ఓటు ఇవ్వండి" అని నిలబడి అడగండి.