ఎండాకాలంలో ప్లాటు చూడబోతున్నారా? ముందు చెరువు సంగతి తేల్చుకోండి

మా మామయ్య ప్లాటు చూసింది ఏప్రిల్ నెలలో. నేల నెర్రెలిచ్చి ఉంది. దూరంగా కట్ట, కట్ట మీద తాటిచెట్లు, ఇటువైపు సున్నంతో గీతలు కొట్టిన రోడ్లు, నంబర్లు రాసిన రాళ్లు. ‘చెరువా? అది ఎండిపోయి ఇరవై ఏళ్లయింది సార్’ అన్నాడు అమ్మే మనిషి. రిజిస్ట్రేషన్ అయింది, ఇల్లు లేచింది, కరెంటు మీటరు వచ్చింది, ఇంటి పన్ను రసీదూ వచ్చింది. 2020 అక్టోబర్ 13 రాత్రి నీళ్లు కూడా వచ్చాయి. ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. అత్తయ్య పిల్లల్ని పట్టుకుని మేడ మీద తెల్లవార్లూ కూర్చుంది. తర్వాత రెండు నెలలు వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

అప్పటి నుంచి మా చుట్టాల్లో, తెలిసినవాళ్లలో ఎవరు ప్లాటు కొంటున్నామన్నా నేను వెంటపడి అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్ చుట్టూ కొనేవాళ్ల కోసం వాటిని ఇక్కడ రాస్తున్నాను. చాలావరకు మిగతా ఊళ్లకూ పనికొస్తాయి.

మొదటి మాట నెలల గురించి. మూసీ వరద 1908 సెప్టెంబర్ 28న వచ్చింది. నగరం మునిగిన పెద్ద వాన 2000లో ఆగస్టు 24న పడింది. మామయ్య ఇల్లు మునిగింది అక్టోబర్‌లో. విజయవాడలో బుడమేరు పొంగింది 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో. ఒక్కటి కూడా జూన్‌లో రాలేదు. తొలకరిలో నేల తాగుతుంది, చెరువులు నింపుకుంటాయి. అవి నిండాక పడే పెద్ద వానకు నిలవడానికి చోటుండదు. అందుకే ప్లాటును ఏప్రిల్‌లో చూసి ఏప్రిల్‌లోనే కొనొద్దు. వీలైతే సెప్టెంబర్ ఆఖరున, గట్టి వాన పడిన మర్నాడు, చెప్పులు చేత్తో పట్టుకునైనా ఒకసారి ఆ లేఅవుట్ అంతా తిరగండి. అంతవరకు ఆగలేమంటే గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా చూడొచ్చు. వానలు బాగా పడిన సంవత్సరాల అక్టోబర్, నవంబర్ చిత్రాలు తెరిచి, మీ ప్లాటు ఉన్న చోట నీళ్లు మెరుస్తున్నాయేమో చూడండి. అరగంట పని. ఆ అరగంట మామయ్యకు తెలియలేదు.

ఇక నిబంధనల్లో తరచూ వినపడే మాట ఎఫ్‌టీఎల్. అంటే పూర్తి నీటిమట్టం. చెరువుకు అలుగు ఉంటుంది, మా వైపు మత్తడి అంటాం. నీళ్లు మత్తడి అంచు దాకా వచ్చి, ఇక దూకడమే తరువాయి అన్నప్పుడు చెరువు వెనకవైపు ఎంత దూరం పాకుతాయో అక్కడ గీసిన గీతే ఎఫ్‌టీఎల్. ఆ గీత లోపల ఎవరి భూమైనా సరే, ఇల్లు కట్టడానికి వీల్లేదు. గీత బయట వదలాల్సిన జాగా బఫర్. 2012లో వచ్చిన 168 నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు. నాలా, వాగు, కాలువ వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. నదికి పట్టణ హద్దుల్లో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. నిబంధనలకు సవరణలు వస్తుంటాయి కాబట్టి మీరు దరఖాస్తు పెట్టే నాటికి ఏది అమల్లో ఉందో టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నిబంధనలు వేరుగా ఉన్నాయి. చెరువు గర్భంలో కట్టకూడదన్న నియమం అక్కడా ఉంది.

బఫర్ అంటే పార్కు కోసం వదిలే ఖాళీ జాగా అని చాలామంది అనుకుంటారు. కాదు. మత్తడి మీద నుంచి నీళ్లు రెండడుగుల ఎత్తున దూకుతున్నాయంటే చెరువులో నీటిమట్టం కూడా ఎఫ్‌టీఎల్ కన్నా అంత పైకి లేచిందన్న మాట. చెరువు వెనకవైపు నేల చాలాచోట్ల వాలు తక్కువగా ఉంటుంది. ఒక్క అడుగు లేస్తే నీళ్లు ఎంతో దూరం పరుచుకుంటాయి. ఆ నీళ్ల కోసమే ఆ జాగా.

‘ఇది పట్టా భూమి సార్, ప్రభుత్వ భూమి కాదు’ అన్న మాటకు చాలామంది పడిపోతారు. చెరువు శిఖంలో, అంటే చెరువు నిండితే నీళ్లలో మునిగే భూమిలో, పట్టాలు నిజంగానే ఉంటాయి. నీళ్లు దిగిపోయాక రైతు అందులో పంట వేసుకునేవాడు. దున్నుకునే హక్కు ఉంది కదా అని ఇల్లు కట్టే హక్కు రాదు. కాబట్టి పట్టానా కాదా అన్నది మీకు అసలు ప్రశ్నే కాదు. ఎఫ్‌టీఎల్ లోపలా, బయటా అన్నది అడగండి.

దాన్ని ఎలా కనుక్కోవాలి? ముందు ప్లాట్ నంబర్ పక్కన పెట్టి, లింక్ డాక్యుమెంట్లలోంచి, అంటే ఆ భూమి పాత దస్తావేజుల్లోంచి, సర్వే నంబర్లు రాసుకోండి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) చెరువుల వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, గ్రామం వారీగా చెరువుల పటాలు ఉన్నాయి. ఎఫ్‌టీఎల్ గీత ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుందో అందులో కనిపిస్తుంది. ఆ చెరువుకు ప్రాథమిక నోటిఫికేషన్ ఒక్కటే వచ్చిందా, తుది నోటిఫికేషన్ కూడా అయిందా అన్నది తప్పక చూడండి. ప్రాథమిక దశలోనే ఉంటే అభ్యంతరాల తర్వాత గీత అటూ ఇటూ జరగొచ్చు. అలాంటి చోట గీతకు ఆనుకుని ఉన్న ప్లాటు జోలికి పోకండి. దస్తావేజులో సర్వే నంబర్ పక్కన ‘పార్ట్’ అని ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. ఆ నంబర్‌లో సగం నీళ్లలో, సగం గట్టున ఉండొచ్చు. మీది ఏ సగమో కాగితం చెప్పదు, లైసెన్స్ ఉన్న సర్వేయర్ కొలిచి చెప్పాలి. నాలుగు డబ్బులు ఖర్చవుతాయి, అవనివ్వండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో కూడా ఆ నంబర్ వెతకండి. అయితే ఆ జాబితాలో లేనంత మాత్రాన భూమి మంచిదే అనుకోవద్దు.

ఇరిగేషన్ ఎన్ఓసీ, అంటే నీటిపారుదల శాఖ తమకు అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, ఉందని చూపిస్తే, జిరాక్స్ మొదటి పేజీ చూసి తిరిగి ఇచ్చేయకండి. ఏ సర్వే నంబర్‌కు, ఎంత విస్తీర్ణానికి ఇచ్చారు, జతచేసిన స్కెచ్‌లో నాలా ఎటు పోతోంది, ఏ షరతులు పెట్టారు, అన్నీ చదవాలి. ‘నాలాకు ఇంత జాగా వదలాలి’ అని షరతు ఉండి, ఆ వదిలిన జాగాలోనే మీ ప్లాటు పడితే ఆ ఎన్ఓసీ మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

మామయ్యను ఎక్కువ దెబ్బ తీసింది కాగితాల మీద నమ్మకమే కాబట్టి ఇంకొంచెం చెప్తాను. రిజిస్ట్రేషన్ అంటే ఇద్దరి మధ్య లావాదేవీ నమోదైందని అర్థం, అక్కడ ఇల్లు కట్టొచ్చని కాదు. పన్ను రసీదు, కరెంటు, నల్లా కనెక్షన్ కూడా అంతే. బ్యాంకు లోన్ ఇచ్చిందన్నా, బ్యాంకు తన అప్పు భద్రం చూసుకుంటుందే తప్ప మీ తరఫున చెరువు కొలవదు. ఎల్ఆర్ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ రుసుము, కట్టేస్తే సరిపోతుందంటారు. చెరువు గర్భంలోని ప్లాటు ఎల్ఆర్ఎస్ కిందికి రాదు. ఇక పర్మిషన్. 2020లో తెలంగాణలో భవన అనుమతుల కోసం టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 600 గజాల లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వచ్చే పద్ధతి మొదలైంది. పని సులువైంది, మంచిదే. కానీ ఆ అనుమతి మీరు ఇచ్చిన మాట మీద వచ్చింది. ‘ఇది నీటి వనరుల పరిధిలో లేదు’ అని చెప్పింది మీరే. అది తప్పని తేలితే అనుమతి పోతుంది, కట్టిందీ కూల్చేయొచ్చు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఈ విషయం ఊరంతటికీ తెలిసొచ్చింది.

నేల కూడా చాలా చెబుతుంది. తవ్వితే నల్లటి మెత్తటి ఒండ్రు, మట్టిలో నత్తగుల్లలు, పక్క ఖాళీ ప్లాట్లలో తుంగ, తుమ్మచెట్ల మొదళ్ల మీద ఒకే ఎత్తున నీటి మరక కనిపిస్తే అక్కడ నీళ్లు నిలుస్తాయి. పేర్లు కూడా వినండి. నల్లకుంట, మాసబ్ ట్యాంక్ అని నగరం నడిబొడ్డునే పిలుస్తున్నాం. లేఅవుట్‌కు ఏదో గ్రీన్ సిటీ అని పేరు పెట్టి ఉంటే, ఊళ్లో పెద్దవాళ్లు ఆ జాగాను ఏమని పిలిచేవాళ్లో అడగండి. మధ్యవర్తిని వెంటబెట్టుకుని కాదు, ఒక్కరే వెళ్లి అడగాలి. చేపలు పట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు, ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటి, వీళ్లకు మత్తడి ఎటు దూకుతుందో ఏ అధికారి కన్నా బాగా తెలుసు.

మట్టి పోసి ఎత్తు చేశాం అంటే మాత్రం వెనక్కి వచ్చేయండి. మట్టి పోస్తే ఎఫ్‌టీఎల్ గీత జరగదు. పోసిన మట్టి కుదురుకునేటప్పుడు గోడలు చీలుతాయి, అక్కడ నిలవాల్సిన నీళ్లు పక్కింటికి పోతాయి. అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంటను 2025లో హైడ్రా తవ్విస్తే కొద్ది అడుగుల్లోనే నీళ్లు పైకొచ్చాయి.

కట్ట కింది వైపు కొనేవాళ్లు మనకు ఎఫ్‌టీఎల్‌తో పని లేదని నిశ్చింతగా ఉంటారు. నాకు ఎక్కువ భయం వాళ్ల గురించే. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి నీళ్లు నాలా గుండా కింది చెరువుకు చేరాలి. ఒకటి తెగితే ఆ బరువంతా కింది దాని మీద పడుతుంది. 1908లో మూసీ పరీవాహకంలో రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. 2020లో బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడితే మునిగింది కట్టకు దిగువనున్న హఫీజ్‌బాబానగర్. పైగా నగరంలో చాలా చెరువులు మురుగునీటితో ఏడాది పొడవునా నిండే ఉంటాయి, కొత్త నీళ్లకు చోటు ఉండదు. కాబట్టి కట్ట కింద కొంటుంటే మత్తడి దగ్గర నిలబడి, నాలా వెంట కింది చెరువు దాకా నడవండి. మధ్యలో ఎక్కడో నాలా గోడల మధ్య ఇరుక్కుని మాయమైతే, వాన నాడు ఆ నీళ్లు ఏ వీధిలో పారతాయో మీకే అర్థమవుతుంది.

నీళ్లు చివరికి చేరే చోటు కూడా అడగాలి. బుడమేరు నీళ్లలో కొంత మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలో కలవాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలోనే 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఉంది. నదే నిండిపోయి ఉంటే వాగు నీళ్లు ఎక్కడికి పోతాయి? విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చాయి.

అన్నీ చూసుకుని అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించండి: భూమి ఎఫ్‌టీఎల్‌లో గానీ బఫర్‌లో గానీ ఉన్నట్టు తేలితే తీసుకున్న డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వాలి అని. రాయడానికి నసిగితే టోకెన్ కూడా ఇవ్వొద్దు.

ఇల్లు కట్టేవాళ్లు పునాది ఎత్తును ఇప్పుడున్న రోడ్డును బట్టి పెట్టొద్దు. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది. ఆ వీధిలో ఇంతకు ముందు నీళ్లు ఎంతవరకు వచ్చాయో కనుక్కుని దానికి పైన పెట్టండి. పల్లపు జాగాలో సెల్లార్ వద్దే వద్దు. డ్రైనేజీ పైపుకు నీళ్లు వెనక్కి తన్నకుండా ఆపే వాల్వ్ పెట్టమని ప్లంబర్‌తో చెప్పండి, ఎందుకంటే మురుగు ముందుగా లోపలికి వచ్చేది బాత్రూమ్ లోంచే. సంపు మూత నేల మట్టానికి ఉంటే తాగే నీళ్లు పాడవుతాయి. కారు ర్యాంపు కోసం నాలా మీద స్లాబ్ వేసుకుంటారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి. ఆ స్లాబ్ కింద చెత్త ఇరుక్కుంటే వీధి వీధంతా మునుగుతుంది.

ఇప్పటికే అలాంటి చోట ఉంటున్నవాళ్లను, అద్దెకున్నా సరే, కొన్నది తప్పని దెప్పి లాభం లేదు. మే నెలలోనే కాలనీవాళ్లంతా కలిసి నాలా పూడిక తీయించమని రాతపూర్వకంగా ఇవ్వండి, ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇంటికి బీమా చేయించండి. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం కూడా వస్తుంది, సామాన్లకూ వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి. బండిలోకి నీళ్లు పోతే స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి. నీళ్లు గడప దాటేలోపే కరెంటు మెయిన్ ఆఫ్ చేయాలి, అది ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు కూడా చూపించండి. ముసలివాళ్లు, బాలింతలు ఉంటే వాన జోరు చూసి సాయంత్రమే చుట్టాల ఇంటికి పంపేయండి, రాత్రి దాకా టెన్షన్ పడుతూ కూర్చోవద్దు.

మామయ్య ఆ ఇల్లు అమ్మలేకపోయాడు. తెలిసి తెలిసి ఇంకొకరికి అంటగట్టను అన్నాడు. 2020లో నీళ్లు ఆగిన చోట హాలు గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాశాడు. రంగు వేయించినప్పుడు కూడా ఆ గీతను చెరపనివ్వలేదు. కరెంటు మీటరు, ప్లగ్గులు, గ్యాస్ పొయ్యి గట్టు, దస్తావేజులున్న అల్మరా అర, అన్నీ ఇప్పుడు ఆ గీతకు పైనే ఉన్నాయి.