ఇంటి నుంచి ఆన్‌లైన్ అమ్మకం, 4వ పాఠం: పూజ పెట్టె ఎందుకు తిరిగొచ్చింది

గోడౌను అంటే మన సరుకు ముందే తీసుకుని ఉంచి, ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకు పంపేది. గత పాఠంలో ‘మండే వస్తువులను గోడౌను తీసుకోదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ ముక్కను వెనక్కి తీసుకుంటున్నాను.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ శ్రావణమాసానికి వరలక్ష్మీ వ్రతం పెట్టెలు తయారు చేశారు. నా పాఠం చదివి కర్పూరం తీసేశారు, అగ్గిపెట్టె తీసేశారు. అంతవరకు బాగుంది. అగరుబత్తీలు, వత్తులు, నువ్వుల నూనె సీసా కూడా తీసేశారు. మండేవన్నీ పోయాయి కదా అని నిశ్చింతగా అరవై పెట్టెలు పంపారు. అరవైకి అరవై తిరిగొచ్చాయి. పెట్టెలో మిగిలినవి పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, ఎండు కొబ్బరి చిప్పలు, చిన్న అత్తరు సీసా. చివరి రెండింటి దగ్గరే గోడౌను వాళ్ళు ఆపేశారు. ‘దీపం వెలిగించే నూనె ప్రమాదం కాదట, కొబ్బరి చిప్ప ప్రమాదమట. ఇదెక్కడి లెక్క మాస్టారూ?’ అని ఆవిడ ఫోన్లో నిలదీశారు. ఆ కోపంలో న్యాయం ఉంది. రానుపోను రవాణా ఖర్చు కూడా ఆవిడ నెత్తినే పడింది మరి.

ఇంకో ఉత్తరం విజయవాడ వన్‌టౌన్ నుంచి వచ్చింది. ‘కర్పూరం అని రాస్తే సరుకు ఆగింది. పూజా సామగ్రి అని మార్చి రాస్తే వెళ్ళిపోయింది. ఈ చిట్కా మీ పాఠంలో అందరికీ చెప్పండి’ అని ఆ వ్యాపారి సలహా. తప్పకుండా చెబుతాను. ఎలా చెబుతానో కాసేపట్లో చూద్దురుగాని.

ముందు మంట సంగతి. ద్రవ పదార్థం మండుతుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎంత వేడి దగ్గర దాని ఆవిరి నిప్పురవ్వను అందుకుంటుంది అన్నది ప్రశ్న. ఆ వేడిని ఫ్లాష్ పాయింట్ అంటారు. రవాణా నియమాల్లో గీత 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర గీశారు. ఆ నియమాలు ప్రమాదకర వస్తువులను తరగతులుగా విడదీస్తాయి, అంతకు లోపు ఉంటే అది 3వ తరగతి, మండే ద్రవం. నువ్వుల నూనెకు ఫ్లాష్ పాయింట్ 200 డిగ్రీలకు పైమాటే. పోపు పెట్టేటప్పుడు చూడండి, నూనె పొగలు కక్కేదాకా మంట దాని జోలికి రాదు. నీలగిరి తైలానిది 50 డిగ్రీల దగ్గర. ఆల్కహాల్‌ది 13 డిగ్రీలు, అంటే విజయవాడలో సంక్రాంతి చలికి కూడా అది సిద్ధంగానే ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డు సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇక ఆ అత్తరు. అసలైన అత్తరు గంధపు నూనెలో దించుతారు, దాని కథ వేరు. ఆవిడ కొన్న సీసా మీద పేరు అత్తరే, వెనక సన్న అక్షరాల్లో మొదటి పదార్థం ఆల్కహాల్. అలాంటి సెంటుకు ఐక్యరాజ్యసమితి వారి ప్రమాదకర వస్తువుల జాబితాలో అంకె 1266.

నాదొక అడ్డదారి ఉంది. మూత తీసి సీసాను చేయి చాచినంత దూరంలో పెడతాను. క్షణంలో వాసన ముక్కుదాకా వస్తే అది ఆవిరవుతున్నట్టే, వెంటనే కాగితం చూస్తాను. రాకపోయినా కాగితం చూస్తాను, కాకపోతే టీ తాగాక. ఇంగువ నన్ను రెండుసార్లు మోసం చేసింది కాబట్టి ఈ పరీక్షను మరీ నమ్మకండి.

ఆ కాగితం పేరు సేఫ్టీ డేటా షీట్. తయారీదారును అడిగితే ఇస్తారు. ఇవ్వని వాడి సరుకు నేను కొనను. అందులో 16 భాగాలుంటాయి. మొదటి పేజీ నుంచి చదివితే నిద్ర వస్తుంది, నేను నేరుగా 14వ భాగానికి వెళతాను. రవాణా సమాచారమంతా అక్కడే ఉంటుంది: అంకె, తరగతి, ప్యాకింగ్ శ్రేణి (ప్రమాదం ఎంత తీవ్రమో చెప్పేది). అనుమానం వస్తే 9వ భాగంలో ఫ్లాష్ పాయింట్ చూస్తాను. మిగతా భాగాలు అనవసరమని అనను గానీ, మన పనికి ఈ రెండూ చాలు.

ఇప్పుడు కొబ్బరి చిప్ప. పచ్చి కొబ్బరికాయతో పేచీ వేరు, అది కుళ్ళుతుందని గోడౌను వద్దంటుంది. ఎండు కొబ్బరితో పేచీ ఏమిటంటే అది తనంతట తానే వేడెక్కగలదు. దానిలో నూనె ఎక్కువ. కాస్త తేమ తగిలి, గాలి ఆడని చోట కుప్పగా పడి ఉంటే లోపల వేడి పుడుతుంది, పుట్టిన వేడి బయటికి పోదు, పోని వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. గడ్డివామి తడిసి లోపల రాజుకున్నట్టే. అందుకే దాన్ని 4.2 తరగతిలో, తనంతట తాను అంటుకునే వాటిలో పెట్టారు, అంకె 1363. మన వంటింట్లో డబ్బాలో నాలుగు చిప్పలుంటే ఏమీ కాదు. గోడౌను నాలుగు చిప్పల లెక్కతో నడవదు. నూనె పట్టిన దూది వ్యర్థం కూడా అదే తరగతి, 1364. కాబట్టి పొడి వత్తులు వేరు, నెయ్యిలో ముంచి అమ్మే వత్తులు వేరు. రెండో రకం పంపేముందు నేనైతే రాతపూర్వకంగా అడుగుతాను.

కర్పూరం 4.1 తరగతి, మండే ఘన పదార్థం, అంకె 2717. అగ్గిపెట్టె కూడా 4.1 తరగతే, 1944. అగరుబత్తీ మామూలుగా ఈ జాబితాల్లోకి రాదు. బ్రాడీపేట ఆవిడ దాన్ని అనవసరంగా తీసేశారు, నా వల్లే.

మిగతా తరగతుల పట్టిక గత పాఠంలో ఉంది. టపాసులు, సారా, మత్తుమందు పంపకూడదని పెద్దవాళ్ళకు చెప్పడం నాకిష్టం లేదు. ఈ-సిగరెట్లు మాత్రం ఒక్క మాట: 2019 చట్టం అమ్మకంతో పాటు నిల్వను, రవాణాను కూడా నిషేధించింది. ‘స్నేహితుడి సరుకు, మా గదిలో ఉంచాను’ అన్న మాట చెల్లదు.

ఇప్పుడు వన్‌టౌన్ చిట్కా.

సరుకుతో పంపే కాగితం మీద రాసిన పేరు చదివేది కంప్యూటర్ ఒక్కటే అని మీ ఊహ. ఆ పేరు ఎవరెవరు చదువుతారో లెక్క చెబుతాను. సరుకు దించుకునే కుర్రాడు చదివి ఏ అరలో పెట్టాలో నిర్ణయిస్తాడు. 4.1 తరగతి సరుకును ఈత కొలనుల్లో వేసే క్లోరిన్ బిళ్ళల వంటి 5.1 సరుకు, అంటే మంటను ఎగదోసే సరుకు పక్కన పెట్టకూడదు. ‘పూజా సామగ్రి’ అని ఉంటే ఎక్కడైనా పెడతాడు, క్లోరిన్ డబ్బా పక్కనైనా సరే. గన్నవరంలో సరుకు తీసుకునే గుమాస్తా ఆ పేరు చదివి విమానమా, లారీయా అని తేలుస్తాడు. లారీ డ్రైవరు చదువుతాడు. అన్నీ తప్పి మంట లేస్తే అగ్నిమాపక సిబ్బంది చదువుతారు, నీళ్ళు కొట్టాలా, ఇంకేదైనా కొట్టాలా అని. మీరు ఒక మాట మార్చితే ఇంతమంది చేతులు కట్టేసినట్టు.

1996 మే 11న మయామీ నుంచి అట్లాంటాకు బయలుదేరిన వాల్యూజెట్ 592 విమానం సరుకు గదిలో ఆక్సిజన్ జనరేటర్లు, అంటే రసాయన చర్యతో ఆక్సిజన్ పుట్టించే డబ్బాలు ఎక్కించారు. కాగితం మీద అవి ఖాళీ డబ్బాలని రాసి ఉంది. అవి ఖాళీవి కావు. పేలకుండా పెట్టాల్సిన మూతలు కూడా వాటికి లేవు. గాలిలోకి లేచిన కాసేపటికే మంటలు వచ్చాయి, విమానం చిత్తడి నేలలో కూలింది, 110 మంది పోయారు. ‘ఖాళీ’ అని రాసిన మనిషి హంతకుడేమీ కాడు. సరిచూడకుండా ఒక మాట రాసేశాడు, అంతే. వన్‌టౌన్ వ్యాపారి కూడా అంతే. ఆ ‘అంతే’ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఏ ఫ్లాష్ పాయింటూ అక్కరలేకుండా.

మీరు రాసే పేర్లలో నాకు గిట్టనివి ఇవి. ‘గిఫ్ట్ ఐటమ్స్’: గిఫ్ట్ అనేది వస్తువు కాదు, ఇచ్చేవాడి ఉద్దేశం. ‘హెర్బల్ పొడి’: కుంకుడుకాయ పొడి కూడా హెర్బలే, పొగాకు పొడి కూడా హెర్బలే. ‘శాంపిల్’: దేనికి శాంపిల్? ‘ఇంటి సామాను’: యాసిడ్ సీసా కూడా ఇంట్లోనే ఉంటుంది. ‘సౌందర్య సాధనం’: గోళ్ళ రంగా, గంధమా? ‘ఆయుర్వేదం’: ఇది శాస్త్రం పేరు, సీసాలో శాస్త్రం ఉండదు.

పేరు రాసే పద్ధతి నాలుగు ముక్కలు. పదార్థం, పరిమాణం, ఏ డబ్బాలో, దేనికి. ‘కర్పూరం బిళ్ళలు, 50 గ్రాములు, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా, పూజకు.’ ఇలా రాస్తే ఆగుతుందని మీ భయం. ఆగనివ్వండి. ప్రమాదకర వస్తువులకు వేరే గది ఉన్న గోడౌన్లు కొన్ని ఉన్నాయి, ముందే అనుమతి తీసుకుని అక్కడ పెట్టవచ్చు. లేదా మీ ఇంటి నుంచే నేరుగా, ఉన్న పేరుతోనే, రోడ్డు మార్గాన తీసుకెళ్ళేవాళ్ళకు ఇవ్వవచ్చు. నా కర్పూరం అంతా రెండో దారినే పోతుంది. పైగా గోడౌనులో నెలల తరబడి ఉంచితే నష్టం మనకే. అది ఘనం నుంచి తిన్నగా ఆవిరైపోతుంది. డబ్బు హారతి కర్పూరమైందని పెద్దలు ఊరికే అనలేదు.

పెట్టెగా కట్టి అమ్మేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పన్నెండు వస్తువుల్లో ఒకటి నిషిద్ధమైతే పన్నెండూ ఆగుతాయి. ‘పదకొండు మంచివే కదా’ అన్న వాదన నేనూ ఒకప్పుడు చేశాను, ఒక గోడౌను గుమ్మంలో, గంటసేపు, ఎండలో.

జాబితాలు మూడు: దేశం చట్టం, తీసుకెళ్ళే వాహనం నియమం, గోడౌను సొంత నియమం. మూడింటిలో ఏది గట్టిదైతే అదే మీకు వర్తిస్తుంది. సరుకు విదేశం పోతే ఆ దేశపు చట్టం నాలుగోది. గసగసాలు మన మసాలాల్లో ఉంటాయి, ఏ కొట్టులోనైనా దొరుకుతాయి. దుబాయ్‌కి, సింగపూర్‌కి పంపితే అవి మాదకద్రవ్యాల లెక్క. పచ్చి కరివేపాకును అమెరికా రానివ్వదు, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుందని. నాటుకోడి పచ్చడి గురించి అడిగినవాళ్ళకు: అక్కడికి మాంసం పచ్చళ్ళు వద్దు. ఆవకాయకైతే చట్టం అడ్డం కాదు. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు, లేబులు లేకుండా ఇంటి జాడీ నుంచి తీసి పంపితే మాత్రం గోడౌను తీసుకోదు. లేబులు మీద ఏముండాలో వచ్చే పాఠంలో.

బ్యాటరీల గురించి చాలామంది అడిగారు. చిన్నగా చెబుతాను. లిథియం అయాన్ బ్యాటరీ విడిగా ఉంటే అంకె 3480, పరికరంలో గానీ పరికరంతో పాటు గానీ ఉంటే 3481. పవర్ బ్యాంకును పరికరం అనుకుంటారు, కాదు, అది విడి బ్యాటరీ కిందే లెక్క. విడి బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. బొత్తాం సెల్ లిథియం లోహపుది అయితే అంకెలు విడిగా ఉంటే 3090, పరికరంతో ఉంటే 3091. విమాన నియమాల పుస్తకం ఏటా జనవరి 1న కొత్తది వస్తుంది, నిరుటి పుస్తకం పేజీ ఫొటో చూసి పంపకండి.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నాను.

సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టె ఒకటి కట్టారనుకోండి. లోపల కొండపల్లి ఎడ్లబండి బొమ్మ, రంగు పోతే దిద్దుకోవడానికి బుల్లి ఎనామిల్ డబ్బా, దాన్ని పలుచన చేయడానికి టర్పెంటైన్ సీసా, బొత్తాం సెల్‌తో వెలిగే ప్రమిద, ఆరు సాంబ్రాణి కప్పులు, రెండు నెమలి ఈకలు, గసగసాలు అద్దిన అరిసెలు. ఏడు వస్తువులు. ఒక పెట్టె లారీలో హైదరాబాద్‌కు, ఒకటి విమానంలో ఢిల్లీకి, ఒకటి దుబాయ్‌కి. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. ఇరవై ఒక్క గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో పోతుందా లేదా, ఏ జాబితా ప్రకారం, పోయేదైతే పైన చెప్పిన నాలుగు ముక్కల పేరు ఏమిటి అన్నది రాయండి. సాంబ్రాణి కప్పు దేనితో చేస్తారో కొట్టువాడిని అడిగాకే ఆ గడి నింపండి. నెమలి ఈకల గడిలో మూడు ఊళ్ళకూ ఒకే జవాబు రాసినవాళ్ళు 1972 వన్యప్రాణి చట్టాన్ని, ఎగుమతి నియమాన్ని మళ్ళీ చూడాలి.

టర్పెంటైన్‌కు, ఎనామిల్‌కు డేటా షీట్లు తెప్పించి 14వ భాగాన్ని మీ చేత్తో నోట్‌బుక్కులో ఎక్కించండి. కంప్యూటర్‌లో అతికించినవి నేను దిద్దను.