గండు తుమ్మెదలు, సీతాకోకచిలుకల కోసం తంగేడు పెంచడం ఎలా?

దక్షిణ భారతంలోని మెట్ట నేలల్లో ఎవరూ నాటకుండానే పెరిగే పొద తంగేడు. పెరట్లో పురుగూ పుట్రా బతకాలనుకునేవాళ్లు మొదట దీన్నే పెంచాలని నా అభిప్రాయం.

ముందు చోటు చూసుకోండి. ఎండ బాగా తగలాలి, నీళ్లు నిలవకూడదు. ఎర్ర నేల, గులకరాళ్ల నేల అయినా పర్వాలేదు. మొక్కల మధ్య ఐదారు అడుగులు వదలండి.

ఎండి గోధుమ రంగుకు తిరిగిన కాయల నుంచి గింజలు తీయండి. పైతొక్క గట్టిది కాబట్టి అలాగే నాటితే చాలావరకు మొలవవు. నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించాక గింజలు వేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ఉబ్బినవి నాటండి. ఉబ్బనివాటిని గరుకు కాగితంపై కాస్త రుద్ది మళ్లీ నానబెట్టండి.

తొలకరికి నేరుగా గుంతలోనే, అర అంగుళం లోతున విత్తడం మేలు. తల్లివేరు లోతుగా దిగే మొక్క ఇది. కుండీలో పెద్దదయ్యాక పీకి నాటితే తట్టుకోవడం కష్టం. మొదటి ఏడాది వాన లేనప్పుడు నీళ్లు పోస్తే చాలు, వేరు కుదురుకున్నాక ఎండకు భయపడదు.

తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ కేసరాల కొనల్లోని చిన్న రంధ్రాల నుంచి రాలాలి. గండు తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లంతా అదిరిస్తే పొడి బయటకొస్తుంది. ఒక్కసారి దగ్గర నిలబడి వినండి, ఎంత బాగుంటుందో! ఈ తుమ్మెదలు ఎండు కొయ్యలో తొలుచుకుని గూడు కట్టుకుంటాయి, కాబట్టి పెరట్లో ఒక ఎండు మోడు ఉంచండి. తేనె కోసం వచ్చే సీతాకోకచిలుకలకు పక్కనే నూరు వరహాలు నాటండి. లాంటానా మాత్రం వద్దు, అది బయటి నుంచి వచ్చి మన అడవుల్ని కమ్మేస్తున్న మొక్క.

ఆకులకు చిల్లులు పడితే టెన్షన్ పడకండి. కొన్ని రకాల సీతాకోకచిలుకలు ఈ ఆకుల మీదే గుడ్లు పెడతాయి, వాటి పచ్చని గొంగళి పురుగులు తినేది ఈ ఆకునే. మందు కొడితే, అది వేపనూనె అయినా, వాటికి ముప్పే. తిన్న కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. ఆకుల మధ్య చీమలు తిరిగినా వదిలేయండి, ఆకు కాడ మీది చిన్న గ్రంథుల్లో ఊరే తీపి కోసం వస్తాయవి.

పూత తగ్గాక కొమ్మల్ని మూడో వంతు కత్తిరిస్తే పొద గుబురుగా వస్తుంది. కత్తెర వేసేముందు ఆకుల అడుగున ప్యూపాలు వేలాడుతున్నాయేమో చూడండి. కనిపిస్తే ఆ కొమ్మ జోలికి పోకండి. కొన్ని కాయలు చెట్టు మీదే ఎండనిస్తే వచ్చే వానలకు గింజలు సిద్ధం.