వానలు మొదలవ్వకముందే వైపర్ల సంగతి చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక రోజంతా ఎండలో నిలబెట్టిన కారు వైపర్ రబ్బరు ఎంత చెప్పండి. ఎండాకాలం అంతా దాని వైపు ఎవరూ చూడరు, మృగశిరలో మొదటి వానకి ఆన్ చేస్తే కిర్రుమని సౌండ్, అద్దం నిండా చారలు, ఎదురుగా లారీ లైట్లు పడ్డాయంటే రోడ్డే కనపడదు. మే నెలాఖర్లో ఒక అరగంట దీనికి పెట్టండి.

ముందు అద్దం కడగండి. చారలు పడగానే బ్లేడ్లు మార్చేస్తారు గానీ చాలాసార్లు గోలంతా అద్దం మీదున్న జిడ్డుదే, డీజిల్ పొగ, చెట్టు కింద పెడితే కారే జిగురు, రాత్రి హైవే మీద పోతే పురుగులు, అన్నీ పొరలా పట్టేసి ఉంటాయి. కార్ షాంపూ నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. డాష్‌బోర్డ్ పాలిష్ పెట్టిన గుడ్డ మాత్రం అద్దానికి తగలనివ్వొద్దు, ఆ సిలికాన్ అంటుకుంటే వదిలించడం పెద్ద పని.

తర్వాత వైపర్ చేతులు పైకి లేపి, కింద అద్దం మీద మందంగా మడిచిన టవల్ ఒకటి వేయండి. ఇది తప్పకుండా చేయండి, ఎందుకంటే బ్లేడ్ తీసినప్పుడు ఆ ఇనుప చెయ్యి స్ప్రింగుతో టప్పున పడిందంటే అద్దం పగులుద్ది, వందల్లో పోయే పని వేలల్లోకి పోద్ది. కొన్ని కార్లలో వైపర్లు బోనెట్ అంచు కిందకి ఉంటాయి, బలంగా లాగితే పెయింట్ పోద్ది, వాటిని పైకి తెచ్చే పద్ధతి మాన్యువల్‌లో ఉంటది చూసుకోండి. రబ్బరు అంచుని తడిగుడ్డతో పైనుంచి కిందికి, గుడ్డకి నలుపు తగ్గేదాకా తుడవండి. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ వద్దు, రబ్బరు పాడైపోద్ది. కొబ్బరినూనె రాస్తే మెత్తబడుద్ది అని చెప్పేవాళ్లు ఉంటారు, ఆ నూనె వెళ్లేది మళ్లీ అద్దం మీదకే కదా. గరుకు కాగితంతో రుద్దడం కూడా అంతే, రెండ్రోజులు బాగుంటది, పైన ఉన్న కోటింగ్ పోయాక ఇంకా ఘోరం.

అంచు చీలినా, వంగి గట్టిపడినా ఇక కడగడం వేస్ట్, మార్చేయండి. ఎట్లాగూ ఏడాదికోసారి మార్చడం మంచిది. డ్రైవర్ వైపుది, పక్కది సైజు వేరు ఉంటాయి చాలా కార్లకి, కొనేముందు రెండూ కొలుచుకోండి.

వాషర్ ట్యాంకులో బోరు నీళ్లు పోయకండి, ఉప్పు పేరుకుని నాజిల్ మూసుకుపోద్ది, మూసుకుపోతే సన్నటి గుండుసూదితో నెమ్మదిగా తీయొచ్చు. గిన్నెల సోపు కూడా వద్దు, నురగే మిగులుద్ది. పొడి అద్దం మీద దుమ్ము ఉన్నప్పుడు నీళ్లు కొట్టకుండా వైపర్ వేయొద్దు, ఆ ఇసుకే అద్దాన్ని గీస్తది.

ఇంకోటి, వానలో మసక లోపలి నుంచి వస్తే వైపర్ స్పీడ్ పెంచి లాభం లేదు, ఏసీ వేసి గాలి ముందద్దం మీదకి తిప్పి, బయటి గాలి వచ్చేలా పెట్టండి.