దసరా ఆఫర్ల పేజీలు సర్వర్‌కి ఎక్కించే ముందు

పండగకి సైటు మారుస్తున్నవాళ్లు ఫైల్‌జిల్లాలో (ఫైళ్లని సర్వర్‌కి ఎక్కించే ప్రోగ్రామ్) కనెక్ట్ కొట్టే ముందు ఇవి చూసుకోండి.

• సర్వర్‌లో ఇప్పుడున్న ఫైళ్లన్నీ ముందు మీ కంప్యూటర్‌కి దించుకోండి. ఎఫ్‌టీపీకి (సర్వర్‌కి ఫైళ్లు పంపే పద్ధతి) రీసైకిల్ బిన్ లేదు, పాతదాని మీద కొత్తది పడితే పాతది పోయినట్టే. మీ సైటు వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉంటే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్ జోలికి అసలు పోవద్దు. లైవ్ డేటాబేస్ పేరు, పాస్‌వర్డ్ అందులోనే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లోని టెస్టింగ్ కాపీ దాని మీద పడిందా, పేజీలన్నీ పోయి డేటాబేస్ ఎర్రర్ ఒక్కటే మిగులుతుంది. డేటాబేస్ బ్యాకప్ ఎఫ్‌టీపీతో రాదు, దాన్ని పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (బ్రౌజర్‌లో డేటాబేస్ చూసుకునే టూల్) విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

• మామూలు ఎఫ్‌టీపీ వద్దు, పోర్ట్ 22 మీద ఎస్ఎఫ్‌టీపీ (పాస్‌వర్డ్, ఫైళ్లు ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) వాడండి. పోర్ట్ 21 మీద నడిచే పాత పద్ధతిలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వెళ్తుంది, కేఫ్ వైఫైలో ఎవరైనా చదివేయొచ్చు. మీ హోస్టింగ్‌లో ఎస్ఎఫ్‌టీపీ లేకపోతే కనీసం ఎఫ్‌టీపీకి టీఎల్ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది) తప్పనిసరి చేయండి.

• ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి. విండోస్‌లో తెరుచుకున్న బొమ్మ, పేరులో ఒక్క పెద్ద అక్షరం తేడా ఉన్నా లినక్స్ సర్వర్‌లో కనిపించదు.

• పర్మిషన్లు (ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అని చెప్పే అంకెలు) సాధారణంగా ఫైళ్లకి 644, ఫోల్డర్లకి 755. ఎర్రర్ పోవడానికి 777 పెట్టమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి, సర్వర్‌లో ఎవరైనా ఆ ఫైల్ మార్చేయగలరు.

• ఎఫ్‌టీపీలో లాగిన్ అయ్యాక ఫైళ్ల లిస్టింగ్ దగ్గరే ఆగిపోతే పాసివ్ మోడ్‌కి (డేటా కనెక్షన్ కూడా మీ కంప్యూటరే మొదలుపెట్టే పద్ధతి) మార్చండి.

• చివర్లో ఫెయిలైన ట్రాన్స్‌ఫర్ల ట్యాబ్ చూడండి. సగం ఎక్కిన ఫైల్ పేరు మామూలుగానే కనిపిస్తుంది, సైజు పోలిస్తేనే బయటపడుతుంది.