పవర్ సిస్టమ్స్ పేపర్ పోటీకి వెళ్లే ముందు ఒక్క రన్

ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) పిల్లలు స్టూడెంట్ పేపర్ పోటీలకు పంపే కరెంటు డిస్ట్రిబ్యూషన్ పేపర్లలో ఐట్రిపుల్‌ఈ 33 బస్ సిస్టమ్, అంటే 33 బస్‌లు (లైన్లు కలిసే చోట్లు) ఉన్న నమూనా నెట్‌వర్క్, తెగ కనిపిస్తుంది. కెపాసిటర్ ఎక్కడ పెట్టాలి, సోలార్ ఎక్కడ కలపాలి, అన్నిటికీ అదే. 1989లో పరిశోధకులు బారన్, వూ ఇచ్చిన 12.66 కేవీ ఫీడర్ (పంపిణీ లైన్) అది, లోడు 3,715 కిలోవాట్లు.

మీ కొత్త అల్గారిథమ్ సంగతి తర్వాత. ముందు ఏమీ కలపకుండా ఉత్త లోడ్ ఫ్లో (ప్రతి బస్ వోల్టేజీ, లైన్లలో నష్టం లెక్కగట్టడం) రన్ చేయండి. ఇదే బేస్ కేస్. లాస్ సుమారు 202.7 కిలోవాట్లు, కనిష్ఠ వోల్టేజీ 18వ బస్ దగ్గర 0.913 పర్ యూనిట్ (12.66 కేవీని 1గా తీసుకుంటే) రావాలి. ఈ అంకెలు ఈ రంగంలో పనిచేసే జడ్జీలకు నోటికొచ్చు. తేడా ఉంటే మీ ‘నష్టం తగ్గింపు శాతం’ మొత్తం అనుమానంలో పడుతుంది.

లాస్ 211 కిలోవాట్లు వచ్చిందా? 7, 8 బస్‌ల మధ్య లైన్ చూడండి. కొన్ని పట్టికల్లో రెసిస్టెన్స్ 0.7114 ఓమ్‌లు, మరికొన్నింట్లో 1.7114 ఉంటుంది. ఏది వాడారో పేపర్లో రాసేయండి, అడిగేవాళ్లుండరు. ఇంకా దూరంగా ఉంటే, ఓపెన్‌గా ఉండాల్సిన 5 టై స్విచ్‌లు (అదనపు లైన్లను కలిపే స్విచ్‌లు) మూసి ఉన్నాయేమో చూసుకోండి.

డేటా చేత్తో టైప్ చేయడం ఎందుకు, మ్యాట్‌పవర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ కేసు ఉచితంగానే ఉంది. బేస్ కేస్ పట్టికను మాత్రం చివర్లో దాచకుండా రిజల్ట్స్‌లో మొట్టమొదట పెట్టండి. స్లైడ్లలోనూ అంతే.